ముందు దొరికిందే

ఇంట్లో కత్తెర కావాలంటే ఎక్కడ వెతుకుతాం? ముందు టీవీ కింద సొరుగులో. అక్కడ లేకపోతే వంటింట్లో. అక్కడా లేకపోతే కుట్టుమిషను దగ్గర. టీవీ కింద సొరుగులో ఒకటి కనిపించిందనుకోండి, అది తుప్పు పట్టినదైనా సరే, దాన్నే పట్టుకుపోతాం. కుట్టుమిషను దగ్గర కొత్తది ఉందన్న సంగతి గుర్తుకే రాదు. ఏ వరసలో వెతకాలన్నది ఎవరూ రాసిపెట్టలేదు. ఇంట్లో అందరికీ అలా అలవాటైపోయింది, అంతే.

నేను పనిచేసే కంప్యూటర్లో మాత్రం ఈ వరస రాసిపెట్టి ఉంటుంది. దాన్ని లైబ్రరీ లిస్ట్ అంటారు. మా ఊళ్ళో పెద్దవాళ్ళకి ఈ మాట చెప్తే నేను సింగపూర్లో పుస్తకాల బీరువాలు సర్దుతున్నానని అనుకున్నారు. ఒకందుకు అది నిజమే.

ఈ కంప్యూటర్ పేరు ఏఎస్/400. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం లేక అమీర్‌పేటలో ఏ కోర్సు చేరాలా అని తిరుగుతుంటే, జావా బ్యాచ్ నిండిపోయిందని ఇందులో కూర్చోబెట్టారు. అప్పటికే అందరూ అది పాతబడిపోయిందన్నారు. ఇప్పటికీ అంటూనే ఉన్నారు. ఐబీఎమ్ వాళ్ళు దీన్ని అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని రోచెస్టర్లో తయారు చేసి, 1988 జూన్ 21న విడుదల చేశారు. దీని తాత సిస్టమ్/38 వచ్చింది 1978లో. తర్వాత ఐసిరీస్ అన్నారు, సిస్టమ్ ఐ అన్నారు, 2008 నుంచి ఐబీఎమ్ ఐ అంటున్నారు. పనిచేసేవాళ్ళం మాత్రం ఏఎస్/400 అనే అంటాం. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. బ్యాంకుల్లో, ఇన్సూరెన్సు కంపెనీల్లో, గిడ్డంగుల్లో ఈ తెరలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి.

మా ప్రాంతానికి దీంతో ఇంకో బంధుత్వం కూడా ఉంది. ఏఎస్/400 తయారవుతున్నప్పుడు దాని రహస్య నామం సిల్వర్‌లేక్. రోచెస్టర్లో ఆ పేరుతో ఒక చెరువుంది. 1989లో మలేషియాలో ఒక మాజీ ఐబీఎమ్ ఉద్యోగి ఇదే పేరుతో కంపెనీ పెట్టి, ఈ మెషిన్ మీద నడిచే బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ని ఆగ్నేయాసియా బ్యాంకులకి అమ్మాడు. ఆ గ్రూపుకి చెందిన సిల్వర్‌లేక్ యాక్సిస్ 2003లో సింగపూర్ స్టాక్ ఎక్స్‌చేంజ్‌కి ఎక్కింది. ఎక్కడో మంచు దేశంలో ఉన్న చెరువు పేరు ఇక్కడ, భూమధ్యరేఖ పక్కన, బ్యాంకు ఖాతాల వెనక తిరుగుతోంది.

ఇక లైబ్రరీ లిస్ట్ సంగతి. ఈ మెషిన్‌లో ప్రతి ప్రోగ్రామూ, ప్రతి ఫైలూ ఏదో ఒక లైబ్రరీలో ఉండాలి. లైబ్రరీలో ఇంకో లైబ్రరీ ఉండదు, ఒక్క క్యూసిస్‌లో తప్ప. మిగతావన్నీ దాని కడుపులోనే ఉంటాయి. పేరుకి పది అక్షరాలే. ప్రోగ్రాములో 'ఫలానా ఫైలు తెరువు' అని రాసి, ఏ లైబ్రరీలోదో చెప్పకపోతే, మెషిన్ ఆ జాబ్‌కి ఉన్న లైబ్రరీ లిస్ట్ తీసి పైనుంచి కిందకి వెతుకుతుంది. ముందు సిస్టమ్ భాగం, గరిష్ఠంగా 15 లైబ్రరీలు. తర్వాత ప్రోడక్ట్ లైబ్రరీలు రెండు. తర్వాత కరెంట్ లైబ్రరీ ఒకటి. ఆఖర్న యూజర్ భాగం; అందులో ఒకప్పుడు 25 పట్టేవి, ఇప్పుడు 250 పడతాయి. ఆ పేరుతో మొదట ఏది కనిపిస్తే దాన్ని తీసుకుని అక్కడితో ఆగిపోతుంది. కింద అదే పేరుతో ఇంకోటి ఉందా, ఏది కొత్తది, ఏది సరైనది అని చూడదు.

మరి ఈ లిస్ట్ ఎవరిస్తారు? జాబ్ డిస్క్రిప్షన్ అని ఒకటుంటుంది, అందులో రాయొచ్చు. అందులో ఏమీ రాయకుండా 'సిస్టమ్ ఏం చెప్తే అదే' అని వదిలేస్తే, మెషిన్ మొత్తానికి ఉమ్మడిగా ఉన్న రెండు విలువల దగ్గరికి వెళ్తుంది. పూర్తి పేర్లు నోరు తిరగవు కాబట్టి మేం 'సిస్టమ్ లిబెల్', 'యూజర్ లిబెల్' అంటాం. కొత్త మెషిన్‌లో యూజర్ లిబెల్‌లో రెండే ఉంటాయి: అందరూ అన్నీ పడేసే క్యూజీపీఎల్, ప్రతి జాబ్‌కీ విడిగా పుట్టి జాబ్‌తోపాటే పోయే క్యూటెంప్. మొదటిది ఉమ్మడి ఇంటి వసారా లాంటిది. రెండోది మాలాంటి ఉద్యోగ వీసా వాళ్ళ అద్దె ఇల్లు, ఉద్యోగం ఉన్నన్నాళ్ళే.

సిస్టమ్ లిబెల్ విషయంలో అందరూ భయంగానే ఉంటారు. క్యూసిస్ కన్నా ముందు ఏ లైబ్రరీని పెట్టినా, అందులో అసలు కమాండ్ పేరుతోనే ఎవరైనా సొంత కమాండ్ పెడితే, మెషిన్ దాన్నే నడిపిస్తుంది. అందుకే ఆ భాగాన్ని మార్చే కమాండ్‌ని ఐబీఎమ్ మామూలు యూజర్లకి మూసేసే పంపిస్తుంది. యూజర్ లిబెల్ దగ్గరికి వచ్చేసరికి ఆ భయం ఉండదు. 'ఒక లైబ్రరీయేగా, పడుంటుంది' అనుకుంటారు.

పాత మెషిన్ కాబట్టి ఇలాంటి జబ్బు అనుకోకండి. విండోస్‌లో ఒకే పేరున్న డీఎల్ఎల్‌లు కొట్టుకోవడం చూసినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. 2021 ఫిబ్రవరిలో అలెక్స్ బిర్సన్ అనే ఆయన ఒక సంగతి బయటపెట్టాడు. పెద్ద కంపెనీలు లోపల వాడుకునే ప్యాకేజీల పేర్లతోనే బయటి ప్రపంచంలో తనూ ప్యాకేజీలు పెడితే, ఆ కంపెనీల కంప్యూటర్లు లోపలివి వదిలేసి ఈయనవి తెచ్చుకున్నాయి. ఆపిల్, మైక్రోసాఫ్ట్‌తో సహా 35కి పైగా కంపెనీల్లో ఇది పనిచేసింది. ఆయన మంచివాడు కాబట్టి బహుమతులు తీసుకుని ఊరుకున్నాడు. పేరొకటే ఉండి, వెతికే వరసని ఎవరూ పట్టించుకోకపోతే ఎక్కడైనా ఇంతే.

మా దగ్గర జరిగింది చిన్నదే. 2023లో ఇక్కడ అధ్యక్ష ఎన్నికలు వచ్చాయి. తర్మన్ షణ్ముగరత్నం గారు గెలిచిన ఎన్నిక. పోటీ ఉంటేనే పోలింగ్, పోలింగ్ ఉంటేనే సెలవు. ఆగస్టు 22న నామినేషన్లు తేలి, సెప్టెంబర్ 1, శుక్రవారం సెలవు ఖాయమైంది. దీపావళి, చైనీస్ న్యూ ఇయర్ లాంటివి ముందే ఎక్కించి పెట్టుకుంటాం. ఇలాంటి సెలవు మాత్రం చివర్లో సెలవుల ఫైలులో చేర్చాలి. నేనప్పుడు పనిచేస్తున్న చోట చేర్చారు. తెర మీద పరీక్షించారు. సెప్టెంబర్ 1న గడువు తీరే డిపాజిట్ ఏదైనా తీసి చూస్తే చక్కగా సోమవారం, సెప్టెంబర్ 4 అని చూపించింది. ఉత్తరాలు తయారుచేసే ప్రోగ్రాముని కూడా ఒకసారి చేత్తో సబ్మిట్ చేసి చూశారు. అదీ 4 అనే అంది.

రాత్రి అదే ప్రోగ్రాము షెడ్యూలర్ నుంచి తనంతట తను నడిచింది. ఉత్తరాల మీద సెప్టెంబర్ 1 అని పడింది.

తెల్లారి ప్రింటింగ్ చూసుకునే ఆవిడ పట్టుకుంది. తెర మీద ఒక తారీఖు, కాయితం మీద ఒక తారీఖు ఏంటని. ఉత్తరాలు పోస్టులోకి వెళ్ళలేదు, ఎవరి డబ్బూ పోలేదు. కానీ ఒకే ప్రోగ్రాము, ఒకే మెషిన్, పగలొక జవాబు, రాత్రొక జవాబు ఎందుకిస్తుందన్న ప్రశ్న మిగిలింది. చూడమని నాకు అప్పగించారు.

కారణం తెలిశాక సులువుగానే కనిపిస్తుంది. చేత్తో సబ్మిట్ చేసినప్పుడు, మామూలుగా ఆ మనిషి లైబ్రరీ లిస్టే కొత్త జాబ్‌కి కాపీ అవుతుంది. ఆ మనిషి లిస్ట్ సరిగ్గా ఉంది కాబట్టి పరీక్ష పాసైంది. షెడ్యూలర్ నుంచి వెళ్ళిన జాబ్‌కి కాపీ చేసుకోవడానికి మనిషి లేడు. అది జాబ్ డిస్క్రిప్షన్‌ని అడిగింది. అందులో సొంత లిస్ట్ లేదు, 'సిస్టమ్ ఏం చెప్తే అదే' అని ఉంది. అది ఉమ్మడి యూజర్ లిబెల్ దగ్గరికి వెళ్ళింది. అందులో అన్నిటికన్నా పైన, ఎప్పటిదో ఒక లైబ్రరీ కూర్చుని ఉంది. అందులో సెలవుల ఫైలుకి పాత కాపీ ఒకటి. మామూలు సెలవులు రెండింట్లోనూ పడేలా ఎవరో ఎప్పుడో ఏర్పాటు చేశారు కాబట్టి ఇన్నేళ్ళూ తేడా తెలియలేదు. హఠాత్తుగా వచ్చిన సెలవు ఒక్కదాంట్లోనే పడింది.

ఆ లైబ్రరీని అక్కడ పెట్టిందెవరు? మా టీమ్‌లో అందరికన్నా పెద్దాయన. ఇక్కడ వయసులో పెద్దవాళ్ళని అంకుల్ అనే పిలుస్తారు, టాక్సీ డ్రైవర్ నుంచి ఆఫీసులో పెద్దాయన దాకా. నేనూ ఆయన్ని అంకుల్ అనే పిలిచేవాణ్ణి. చైనీస్ సింగపూర్ వాసి. రోజూ తొమ్మిదికి ముందే పాలు లేని కోపి కవరులో వేలాడదీసుకుని వచ్చేవారు. ఇంకో రెండు నెలల్లో 63 నిండుతాయి, పదవీ విరమణ.

ఇలాంటివి జరిగినప్పుడు రిపోర్టు రాయాలి. అందులో 'మూల కారణం' అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో ఏం రాయాలో మేనేజర్ ముందే నిర్ణయించుకున్నాడు: మానవ తప్పిదం. పాత చేంజ్ రికార్డుల్లో అంకుల్ యూజర్ ఐడీ ఉంది, 2004. అంతకన్నా ఏం కావాలి? పైగా ఎలాగూ వెళ్ళిపోయే మనిషి. అంకుల్ కూడా, "నా పేరు రాసెయ్, పర్లేదు. అక్టోబర్ తర్వాత నన్నేం చేస్తారు?" అని నవ్వేశారు. ఆయన నవ్వారు కానీ ఆ రోజు మధ్యాహ్నం మాతో తినడానికి రాలేదు. ముప్ఫయ్యేళ్ళ పైగా పనిచేసి, ఆఖరి కాయితం మీద ఆ రెండు మాటలతో వెళ్ళడం ఎవరికి బాగుంటుంది?

రిపోర్టు రాయాల్సింది నేను. నాకు ఆ గడిలో ఆ మాట రాయబుద్ధి కాలేదు. జాలితో కాదు, అది అబద్ధం కాబట్టి. ఆయన్ని అడిగితే, సొరుగులోంచి ఒక ఫైలు తీశారు. 2004లో పాత ప్యాకేజీ నుంచి కొత్తదానికి మారినప్పటి చేంజ్ ఫారం జిరాక్సు. లైబ్రరీ పేరు, ఎందుకు పెడుతున్నారో కారణం, పక్కన 'తాత్కాలికం, ఆరు వారాలు' అని ఆయన చేతిరాత, కింద మూడు సంతకాలు. ఆరు వారాల తర్వాత ఎవరు తీసెయ్యాలో రాయడానికి మాత్రం ఆ ఫారంలో గడి లేదు. ఈ 19 ఏళ్ళలో ఎన్నో ఆడిట్లు జరిగాయి. ఎవరెవరికి ఏ అధికారం ఉందో, పాస్‌వర్డులు ఎంత పొడవున్నాయో, అన్నీ చూశారు. యూజర్ లిబెల్ విలువని కూడా ఏటా ప్రింటు తీసి ఫైల్లో పెట్టారు. ఇందులో ఉన్న ఒక్కో లైబ్రరీ ఎందుకుందని అడిగిన కాయితం ఒక్కటీ దొరకలేదు. ఉమ్మడిది కదా, ఎవరి సొంతమూ కాదు.

మూల కారణం గడిలో 'తాత్కాలిక మార్పుకి ముగింపు తేదీ, యజమాని లేరు' అని రాసి, ఫారం జిరాక్సు జతచేశాను. మేనేజర్ రెండుసార్లు వెనక్కి పంపాడు. మూడోసారి, "మూడు సంతకాల్లో ఒకటి ఎవరిదో చూశారా?" అని అడిగాను. అలాగే ఉంచేశారు.

లైబ్రరీని వెంటనే తీసెయ్యలేదు. ఇక్కడే అందరూ తొందరపడతారు. యూజర్ లిబెల్ మార్పు అప్పటికే నడుస్తున్న జాబ్‌లకి తగలదు, ఆ తర్వాత మొదలయ్యే వాటికే తగులుతుంది. అందుకని ఏది విరిగిందో తెలిసేసరికి రోజులు పట్టొచ్చు. ముందు ఆ రాత్రి ఉత్తరాల జాబ్‌కి సొంత లిస్టున్న జాబ్ డిస్క్రిప్షన్ ఇచ్చాం. తర్వాత పాత లైబ్రరీలో ఉన్న ప్రతి వస్తువు మీదా ఆడిటింగ్ పెట్టి, ఎవరు ఎప్పుడు ముట్టుకుంటున్నారో చూస్తూ కూర్చున్నాం. నెలాఖరు దాటింది. మూడు నెలల లెక్కలు దాటాయి. సెలవుల ఫైలు తప్ప ఇంకేదీ వాడటం లేదనుకున్నాం. డిసెంబర్ 31 రాత్రి ఒక చిన్న ప్రోగ్రాము కదిలింది. ఏడాదికి ఒక్కసారి, ఏడాది చివరి లెక్కల్లో పైసలు సర్దే ప్రోగ్రాము. సెప్టెంబర్లోనే తీసేసి ఉంటే, ఆ రాత్రి మా అందరికీ జాగారమే.

అన్నిటినీ సర్దుకుని, 2024లో చైనీస్ న్యూ ఇయర్ దాటాక ఒక ఆదివారం ఆ లైబ్రరీని వరసలోంచి తీశాం. అర నిమిషం పని. అప్పటికి అంకుల్ రిటైరై నాలుగు నెలలైంది. వాట్సాప్‌లో చెప్తే, "తీసినవాడి పేరూ, తారీఖూ రాశావా?" అని ఒక్క ముక్క పెట్టారు. రాశాను.

ఆయన వెళ్ళిపోయే ముందు ఒకరోజు మాటల్లో ఇంకో సంగతి చెప్పాను. ఈ మెషిన్‌లో తెరలు వేరే భాషలో కనపడాలంటే చేసేది కూడా లైబ్రరీ లిస్ట్ మార్చడమే. క్యూసిస్29 తర్వాత రెండంకెలు పెట్టి భాషకొక లైబ్రరీ ఉంటుంది: 28 ఫ్రెంచి, 29 జర్మన్, 89 చైనీస్. దాన్ని క్యూసిస్ కన్నా ముందుకి జరిపితే మెనూలు, మెసేజీలు ఆ భాషలో వస్తాయి. ప్రోగ్రాము మారదు, వరసే మారుతుంది. ఆ జాబితాలో తెలుగు లేదు, మా భాషకి అంకె ఇవ్వలేదు అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. వాళ్ళింట్లో మాట్లాడింది టియోచూ. 1979లో ఇక్కడ ప్రభుత్వం 'మాండరిన్ మాట్లాడండి' ఉద్యమం మొదలుపెట్టినప్పుడు ఆయనకి పద్దెనిమిదేళ్ళు. టియోచూ, హోక్కియెన్, కాంటనీస్ అన్నీ పక్కన పెట్టి చైనీయులందరూ మాండరినే మాట్లాడాలని. టీవీలో, రేడియోలో ఆ భాషల కార్యక్రమాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వాళ్ళమ్మకి టియోచూ తప్ప ఇంకోటి రాదు. ఈయన పిల్లలకి ఇంగ్లీషు, మాండరిన్ తప్ప ఇంకోటి రాదు. నానమ్మ, మనవలు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఇరవయ్యేళ్ళు అన్నం తిన్నారు, మధ్యలో ఈయన అనువాదం చేస్తూ. "ఎవరూ టియోచూని చెరిపెయ్యలేదు. వరసలో కిందకి జరిపారు, అంతే" అన్నారు ఆయన.

మా ఇంట్లో వరస నాకు తెలుసు. ఇక్కడ బడిలో ఇంగ్లీషుతోపాటు మాతృభాష ఒకటి చదవాలి. తమిళం అధికార భాష. తమిళం కాని భారతీయ భాషల్లో బెంగాలీ, గుజరాతీ, హిందీ, పంజాబీ, ఉర్దూ తీసుకోవచ్చు. తెలుగు లేదు. తెలుగువాళ్ళు లేక కాదు, సింగపూర్ తెలుగు సమాజమే 1975 నుంచి ఉంది. మా అమ్మాయికి మాతృభాష హిందీ, కాయితాల మీద.

ఒకే పేరుతో రెండు చోట్ల రెండు అర్థాలుంటే ఏమవుతుందో మా ఇంట్లో రోజూ చూస్తున్నాను. తమిళ స్నేహితుడు 'అవసరం' అంటే అది అర్జంటు. నేను అంటే కావలసింది. 'తొందర' అని నేనంటే మా పక్కింటి కన్నడావిడకి ఏదో కష్టం వచ్చిందని వినపడుతుంది. మొన్న మా అమ్మాయికి కథ చెప్తూ, రాజుగారు దొంగకి శిక్ష వేశారన్నాను. "మంచి రాజు కదా నాన్నా, చదువు చెప్పించాడు" అంది. దాని లిస్ట్‌లో హిందీ శిక్షా పైన ఉంది. అక్కడ దొరికింది, ఆగిపోయింది. కింద తెలుగు శిక్ష ఉందని దానికి తెలియదని కాదు. మొన్నటిదాకా తెలుసు కూడా. అక్కడిదాకా వెళ్ళాల్సిన పని పడలేదు.

బడిలో వరసని నేను మార్చలేను, ఆ అధికారం మనలాంటి యూజర్లకి లేదు. కానీ సిస్టమ్ భాగం తర్వాత, యూజర్ భాగానికి ముందు, కరెంట్ లైబ్రరీ అని ఒక్క చోటుంది కదా. దాన్ని ఎవరి జాబ్‌లో వాళ్ళు మార్చుకోవచ్చు. రాత్రి భోజనాల నుంచి పడుకునేదాకా మా ఇంట్లో తెలుగే అని మా ఆవిడా నేనూ అనుకున్నాం. ఆరు వారాలకి కాదు. ఫ్రిజ్ మీద కాయితం అంటించి, ఇద్దరం సంతకాలు పెట్టాం. ముగింపు తేదీ గడి కావాలనే పెట్టలేదు.

దొంగ ఇప్పుడు శిక్ష నుంచి తప్పించుకుని అడవిలోకి పారిపోయాడు. రేపటి కథలో రాజుగారు ప్రజల్ని పోగేసి ఉపన్యాసం ఇవ్వబోతున్నారు. హిందీలో అది నవల. రాజుగారు ఊరందరికీ నవల ఇచ్చారంటే మా అమ్మాయి ఏమంటుందో చూడాలి.